రాహుకాలం చూసి పెట్టిన పోస్టు

కంప్యూటరుకి ఏదైనా నచ్చకపోతే ఎర్ర అక్షరాలతో అరుస్తుందని ఉద్యోగంలో ఉన్నంతకాలం నమ్మాను. అరిస్తే భయం లేదు. ఆ అరుపు చదువుకుని, నాలుగు తిట్లు తిట్టుకుని, సరిచేసుకోవచ్చు. అరవకుండా, అంతా సవ్యంగా అయిపోయినట్టు చూపించి, మనం ఇచ్చిన కాగితాన్ని చప్పుడు లేకుండా పక్కన పెట్టేసే రకం కూడా ఉంటుందని నాకు తెలిసిన రోజు గురించి చెబుతాను. ఇప్పుడు సైట్లు నడుపుతున్న పిల్లలు మీరు. నాకంటే తెలివైనవాళ్లు, ఒప్పుకుంటాను. అయినా వినండి, మీ సొమ్మేం పోదు.

నేను పలాసలో ఒక ప్రెస్సులో డీటీపీ చేసేదాన్ని. శుభలేఖలు, కరపత్రాలు, జీడిపప్పు డబ్బాల మీద అంటించే లేబుళ్లు. ఆ ప్రెస్సు మూతపడ్డాక కిడ్నీ రోగుల కోసం పనిచేసే ఒక సేవాసంఘంలో చేరాను. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మా సంఘానికి ఒక వెబ్‌సైటు ఉండేది. డయాలసిస్ కేంద్రానికి రేపు ఎవరు ఏ పూట రావాలి, రక్తపరీక్షల శిబిరం ఏ ఊళ్లో, మందులు వచ్చాయా లేదా, ఇవన్నీ అందులో పెట్టేవాళ్లం. ఊళ్లలో ఆటోవాళ్లు సాయంత్రం ఆ పేజీ చూసుకుని, తెల్లారేసరికి రోగుల్ని ఎక్కించుకుని బయలుదేరేవారు. ఫోన్లు చేసుకుంటే ఒకరికి ఒకటి చెబితే ఇంకొకరికి ఇంకొకటి చేరుతోందని, సైటులో ఉన్నదే లెక్క అని అందరికీ మేమే చెప్పాం.

ఆ సైటు స్టాటిక్ సైట్ జనరేటర్ అనేదానితో నడిచేది. విశాఖ నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ మాస్టారు పెట్టి వెళ్లారు. సముద్రం పక్క ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి తేలిగ్గా తెరుచుకునే సైటు కావాలని ఆయన పట్టుబట్టారు. పని సులువే. ఒక్కో పోస్టుకి ఒక్కో ఫైలు. ఫైలు తలమీద పేరు, తేదీ, గడియ రాయాలి. కింద విషయం రాయాలి. రాసి ఒక ఆజ్ఞ ఇస్తే ఫైళ్లన్నీ చదువుకుని మొత్తం సైటుని మళ్లీ కొత్తగా తయారుచేసి లోకం మీదికి తోసేస్తుంది. దాన్ని మేము 'నొక్కడం' అనేవాళ్లం. నొక్కావా అంటే నొక్కాను. అంతే.

ఆఫీసులో నాతోపాటు ఇంకొకరుండేవారు. రావివలస వైపు అర్చకుల ఇంటి మనిషి. అక్కడి దేవుడు ఎండల మల్లికార్జునుడి పేరు ఎత్తకుండా ఆయన నోట రోజు గడవదు. గుమాస్తాగా చేరినా అందరికీ పంతులుగారే. నన్ను చెల్లెమ్మా అనేవారు. రాతపని, ఫోన్లు, తేదీలు ఆయనవి. అక్షరాలు దిద్ది అందంగా సర్దడం నాది. ఇవికాక ప్రతి ఆదివారం 'ఈ వారం తిథులు' అని ఒక పేజీ పెట్టేవారు. వర్జ్యాలు, దుర్ముహూర్తాలు, ఏ రోజు రాహుకాలం ఎప్పుడు, అన్నీ. డయాలసిస్ పేజీ కంటే జనం దాన్నే ఎక్కువ చూసేవారంటే నాకు ఒళ్లు మండేది. ఒకసారి అందులో నేను ఒక గడియ తప్పు కొట్టానని పంతులుగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. "నా మాట నమ్మి జనం పిల్లకి తాళి కట్టిస్తారు చెల్లెమ్మా, బోరు వేయిస్తారు. ఇది మీ జీడిపప్పు లేబులు కాదు" అన్నారు.

ఆయనకి ఒక పట్టింపు. ఏ పోస్టూ రాహుకాలంలో పుట్టకూడదు. అయితే పనీ ఆగకూడదు. అందుకని ఆయనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. రాహుకాలంలో ఏదైనా పెట్టాల్సి వస్తే, ఫైలు తలమీద గడియ మాత్రం రాహుకాలం దాటాక వచ్చేది వేసి, అప్పుడే నొక్కేసేవారు. నొక్కడం మన చేతిపని, పోస్టు పుట్టేది దాని తలమీద రాసిన గడియకి, అని ఆయన వాదన. నాకు నవ్వొచ్చేది. కానీ నష్టమేముంది అనుకునేదాన్ని. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

అది కార్తీక సోమవారం. పొద్దున్నే మేము రోజూ వ్యవహారం చేసే డయాలసిస్ కేంద్రం నుంచి ఫోను. నీళ్లు శుద్ధిచేసే యంత్రం చెడిపోయింది, రేపు మంగళవారం ఇక్కడ ఎవరికీ డయాలసిస్ ఉండదు, అందరినీ టెక్కలి వైపున్న ఇంకో కేంద్రానికి వెళ్లమనండి, పొద్దున్న వెళితే మంచాలు ఖాళీ ఉంచుతామన్నారు, అని. నేను వెంటనే పెద్ద అక్షరాల శీర్షికతో పోస్టు తయారుచేశాను. పంతులుగారు తేదీ వేశారు. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. అప్పుడు టైము ఎనిమిది. ఆయన తొమ్మిదీ అయిదు అని వేసి, నొక్కి, రావివలస బస్సు అందుకోవాలని కండువా దులుపుకుని వెళ్లిపోయారు. నేను నా కంప్యూటరులో సైటు తెరిచి చూశాను. మొట్టమొదట అదే ఉంది, కొట్టొచ్చినట్టు కనబడుతోంది. నాకూ ఉపవాసం. ఆ రోజుకి ఇంకేం పనీ లేదు. మధ్యాహ్నానికి తాళం వేసుకుని ఇంటికి వెళ్లి దీపాలు పెట్టుకున్నాను.

మర్నాడు శిబిరం వివరాలు కొడుతూ కూర్చున్నాను. ఇంకా నొక్కలేదు. మధ్యాహ్నమవుతుండగా ఫోను మోగింది. అక్కుపల్లి దగ్గర ఒక ఊరి నుంచి, మా అత్త. అత్త అంటే చుట్టరికమేం లేదు. ఆమె భర్త కొబ్బరి, జీడి తోటల రైతు. చాలా ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. ఆఫీసుకి వచ్చినప్పుడల్లా ఏటి కోడలా, మా పేరు పెద్దచ్చరాల్లో ఎయ్యలేవా అని నన్ను ఆటపట్టించేవాడు. అలా ఆయన మావ, ఆమె అత్త అయిపోయారు. ముందు వారం చివర జ్వరం వచ్చి మావ ఒక పూట డయాలసిస్ మానేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. మంగళవారం పూట తప్పితే ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పిన సంగతీ తెలుసు.

తెల్లవారుజామునే ఆటోలో కేంద్రానికి వెళితే గేటు మూసి ఉందట. ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేరట. మావ, సరేలే రేపొద్దాం అని ఇంటికి తిప్పించేశాడట. ఇప్పుడు కాళ్లూ మొహమూ పొంగిపోయి, పడుకుంటే ఊపిరందక కూర్చునే ఆయాసపడుతున్నాడు.

నాకు ముందు వచ్చింది కోపం. చెప్పడానికి సిగ్గేముంది, అదే వచ్చింది. సైటు చూడకుండా ఎలా బయలుదేరారు, పోస్టు పెట్టాం కదా అన్నాను.

"ఏటీ నేదమ్మా అందులో. మా ఆటోవోడు రాత్రి సూసినాడు, పొద్దున్నా సూసినాడు. నేకపోతే ఎల్తామేటి?"

ఉంది అత్తా, నా కళ్లతో నేను చూశాను అంటూనే నా సొంత ఫోనులో సైటు తెరిచాను. లేదు. ఆదివారం పెట్టిన తిథుల పేజీ ఉంది. దాని పైన ఏమీ లేదు. కంప్యూటరులో చూస్తే ఉంది. ఫోనులో లేదు. మళ్లీ కంప్యూటరు చూశాను, మళ్లీ ఫోను చూశాను. ఎవరో వచ్చి చెరిపేశారేమో అనుకున్నాను. అత్తతో మాత్రం, ఉన్నపళంగా టెక్కలి వైపు కేంద్రానికి బయలుదేరండి, నేనూ వస్తున్నాను అని చెప్పి, విశాఖ మాస్టారికి ఫోను చేశాను.

ఆయన విని, గడియ ఎంత వేశారు, ఎప్పుడు నొక్కారు అని రెండే ప్రశ్నలు అడిగారు. చెప్పాను. రాని గడియ తలమీద ఉంటే జనరేటరు ఆ ఫైలుని వదిలేస్తుందండీ, తప్పు అనుకోదు, కావాలనే తర్వాతకి ఉంచుకున్నారనుకుంటుంది అన్నారు. మరి తొమ్మిదీ అయిదు దాటాక రావాలి కదా అన్నాను. దానంతటది రాదు, మళ్లీ ఎవరైనా నొక్కితేనే వస్తుంది అన్నారు. నా కంప్యూటరులో ఎలా కనబడిందంటే, అది రాసేవాళ్ల కోసం పెట్టిన ప్రివ్యూ, గడియ రానివి కూడా చూపిస్తుంది, బయటివాళ్లకి కనబడదు, అన్నారు. ఇన్నేళ్లూ ఎలా నడిచిందో నాకప్పుడు వెలిగింది. రోజూ మేము ఏదో ఒకటి మళ్లీ నొక్కేవాళ్లం. పొద్దున్న ఆగిపోయినవన్నీ ఆ మధ్యాహ్నం నొక్కుడుతో బయటికి వచ్చేవి. కార్తీక సోమవారం పుణ్యమా అని నిన్న మధ్యాహ్నం ఎవరమూ నొక్కలేదు.

పొద్దున్నే రావివలస నుంచి తిరిగొచ్చిన పంతులుగారు పక్కనే నిలబడి అంతా విన్నారు. నేను అప్పుడు నొక్కాను. పోస్టు వెంటనే వచ్చి కూర్చుంది. తలమీద సోమవారం, తొమ్మిదీ అయిదు. నిన్నటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది. ఇప్పుడు ఎవరైనా చూస్తే, మేము పెట్టాం, మీరే చూసుకోలేదు అని రోగుల మీదే తోసేయొచ్చు. ఆ ఆలోచనకి నాకు నిజంగా భయం వేసింది.

పంతులుగారు కుర్చీలో కూలబడ్డారు. "అయితే ఇన్నేళ్లూ మనం పెట్టినవన్నీ ఏ గడియకి పుట్టాయి చెల్లెమ్మా?" అన్నారు. నాకు ఎంత మంట పుట్టిందంటే, అక్కడొక మనిషి ఊపిరాడక ఛస్తుంటే మీకు గడియల గోలా అని అరిచాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. ల్యాప్‌టాప్ సంచిలో పడేసుకుని ఇద్దరం ఆటో ఎక్కాం.

మేము వెళ్లేసరికి మావని అప్పుడే తెచ్చారు. పొద్దున్న ఆయన కోసం ఉంచిన మంచం ఇంకొకరికి వెళ్లిపోయింది. అయినా అక్కడివాళ్లు మంచివాళ్లు, ఒక మంచం ఖాళీ చేయించారు. ఎప్పుడూ నవ్వే మనిషి, నన్ను గుర్తుపట్టలేదు. నోరు తెరుచుకుని గాలి కోసం ఎగబీలుస్తున్నాడు. చేతికి ఎప్పుడూ సూదులు గుచ్చే నరం ఆ రోజు మొరాయించింది. మెడ దగ్గర కొత్తగా గొట్టం వేసి డయాలసిస్ చెయ్యాలి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది, ఇంటివాళ్లు సంతకం పెడితే వెంటనే మొదలుపెడతాం అన్నాడు డాక్టరు.

అత్త కాగితం పుచ్చుకుంది. గోడ గడియారం చూసింది. మూడు దాటింది. కాగితం మళ్లీ డాక్టరు చేతిలో పెట్టేసింది.

"మంగళారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం బాబూ. కొత్త సోటు, కొత్త గొట్టం. ఈ గడియలో ఆయన మెడ మీద సెయ్యి ఎయ్యనివ్వను. అది దాటాక సంతకం పెడతాను."

అంతసేపు ఆగితే మనిషి దక్కడు అన్నాడు డాక్టరు. నేను బతిమాలాను, తిట్టాను, చేతులు పట్టుకున్నాను. అత్త కదల్లేదు. కొంగులోంచి ఫోను తీసి నాకు చూపించింది. మా సైటే. ఈ వారం తిథులు. మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. నేను దిద్దిన అక్షరాలే. చెప్పవలసిన కబురు చెప్పని సైటు, దీన్ని మాత్రం శుభ్రంగా చేరవేసింది.

అంతవరకూ గోడకి ఆనుకుని నిలబడ్డ పంతులుగారు ముందుకి వచ్చారు. అత్త చేతిలో ఫోను తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, చాలా సేపు చూసినట్టు చూశారు.

"ఇది తప్పమ్మా. నేనే తప్పు రాశాను. ఇవాళ రాహుకాలం మధ్యాహ్నమే అయిపోయింది" అన్నారు.

అత్త ఆయన మొహంలోకి చూసింది. "అయితే సైట్లో అలగే ఉండాలి కదా పంతులుగారూ" అంది.

ఆయన నా వైపు తిరిగారు. "చెల్లెమ్మా, మార్చండి. మంగళవారందీ బుధవారందీ తారుమారయ్యాయని సవరణ రాసి పెట్టండి."

నేను విన్నది నిజమో కాదో అర్థం కాలేదు. ఒక్క గడియ తేడాకి వారం రోజులు మాట మానేసిన మనిషి. ఆయన తాతల నాటి నుంచి వస్తున్న విద్య అది. మీరు ఏమంటున్నారో తెలుస్తోందా అని అడగబోయాను. ఆయన కళ్లు చూసి ఊరుకున్నాను. వసారాలో నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను, ఫోను నుంచి నెట్టు కలిపాను. తిథుల పేజీలో మంగళవారం ఎదురుగా పన్నెండు నుంచి ఒంటిగంటన్నర అని, బుధవారం ఎదురుగా మూడు నుంచి నాలుగున్నర అని కొట్టాను. పైన సవరణ అని పెట్టాను. అలవాటు కొద్దీ ఫైలు తలమీద గడియ దగ్గర వేళ్లు ఆగాయి. ఎంత వెయ్యమంటారు అని అడిగాను.

"ఇప్పుడెంతయింది?"

మూడూ పదిహేను అన్నాను.

"అదే వెయ్యండి" అన్నారు.

ఏళ్ల తరబడి ఒక్క పోస్టునీ రాహుకాలంలో పుట్టనివ్వని మనిషి, పక్కన నిలబడి, నట్టనడి రాహుకాలంలో అబద్ధపు రాహుకాలాన్ని పుట్టించారు. నొక్కాను. ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. లోపలికి వెళ్లి అత్త ఫోనులో పేజీని కిందికి లాగాను. మారింది. అత్త ఆ పేజీ చూసింది. పంతులుగారిని చూసింది. ఆయన తల దించుకోలేదు. అత్త కాగితం అడిగి తీసుకుని, కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

తర్వాత మేము వసారాలో బల్ల మీద కూర్చున్నాం. లోపల యంత్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంతలో పంతులుగారి ఫోను మోగడం మొదలుపెట్టింది. సోంపేట నుంచి ఒకరు, పలాస నుంచి ఒకరు, టెక్కలి నుంచి ఆయన సొంత బావగారు. మంగళవారం రాహుకాలం మధ్యాహ్నమేమిటి పంతులూ, మతి పోయిందా అని. ఎవరికీ ఆయన అసలు సంగతి చెప్పలేదు. నేను రాసిందే, అలాగే ఉంది అంటున్నారు. బావగారు గట్టిగా ఏదో అన్నట్టున్నారు, వంశం పేరు కూడా ఎత్తినట్టున్నారు. పంతులుగారు లేచి గేటు దాకా వెళ్లిపోయారు. వెనక్కి మార్చెయ్యమంటారా అని నేను ముందే అడిగాను. వద్దు, ఈ వారమంతా అలాగే ఉండనివ్వండి, ఆ తల్లి ఇంటికెళ్లాక కూడా చూసుకుంటుంది అన్నారు.

పొద్దు వాలుతుండగా డాక్టరు బయటికి వచ్చి, ఆయాసం తగ్గింది, ఇక భయం లేదు అని చెప్పాడు. అత్త లోపలికి వెళ్లి చూసి వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. ఆమె చూపు మాత్రం గేటు దగ్గర ఫోను చెవిన పెట్టుకుని తల ఊపుతున్న పంతులుగారి మీదే ఉంది.

"మంగళారం మూడు గంటలకి రాహుకాలమని మా ఇంట్లో సిన్న గుంటలకీ తెలుసమ్మా" అంది.

నేను తల తిప్పి ఆమె వైపు చూశాను. మరెందుకు సంతకం పెట్టావత్తా అన్నాను.

"రాహుకాలం తెలిసీ మొగుడి మెడకి గొట్టం ఎయ్యించినాదని, ఏదైనా అయితే ఊరు ఊరంతా నన్నే అందురు. నా కొడుకులూ అందురు. బతికినన్నాళ్లూ అందురు. ఆ మాట పడనేక మొండికేసినాను. ఆయన ఆ మాట తనమీద రాసీసుకున్నారు."

గేటు దగ్గర ఫోను మళ్లీ మోగింది. పంతులుగారు అది చెవిన పెట్టుకుని, అవునండీ, నేనే, నేనే రాశాను అంటున్నారు.

"నాకు తెలుసని ఆయనకీ తెలుసమ్మా" అంది అత్త.